నాలుగు వందల పదిహేడో దీపం

2003 జూన్‌లో నన్ను పినపాక అడవి అంచున ఉన్న ఒక బొగ్గు గనికి ల్యాంప్ రూమ్ ఇన్‌చార్జిగా వేశారు. ఆ గని ఇప్పుడు లేదు, పేరుతో పని లేదు. గని లోపల పని నడిపించే ఓవర్‌మన్, సర్దారు లాంటి హోదాల ముందు మాది చిన్న కుర్చీ. అయినా మా కిటికీ ముందు నిలబడకుండా ఏ మనిషీ లోపలికి దిగడు.

పద్ధతి ఇదీ. కార్మికుడు తన నంబరు ఉన్న ఇత్తడి బిళ్లను కిటికీలో ఇస్తాడు. మేము అదే నంబరు దీపాన్ని ఇచ్చి, ఆ బిళ్లను ర్యాకులో దాని కొక్కేనికి తగిలిస్తాం. షిఫ్టు ముగిశాక అతను దీపం అప్పజెప్పి బిళ్ల తీసుకుని ఇంటికి పోతాడు. కొక్కేనికి బిళ్ల మిగిలి ఉందంటే మనిషి ఇంకా లోపలే ఉన్నాడని లెక్క. షిఫ్టు ముగిసిన కాసేపటికి నేను మిగిలిన నంబర్లు ఒక్కొక్కటే చదివేవాణ్ణి. నాకంటే పెద్దవాడైన మల్లయ్య ర్యాకు దగ్గర నిలబడి చూసి 'వచ్చింది' అనో, 'రాలే' అనో అరిచేవాడు. 'రాలే' అంటే ఓవర్‌మన్‌కు ఫోన్ చేయాలి. ఎక్కువసార్లు ఆ మనిషి ఎక్కడో బీడీ కాలుస్తూ ఆలస్యం చేసినవాడే అయ్యుండేవాడు. కొన్నిసార్లు కాదు.

మరుసటి ఏడాది వానాకాలంలో కిరణ్ అనే అబ్బాయి ఒకరోజు మధ్యాహ్నం మా కిటికీ దగ్గరికి వచ్చాడు. క్వార్టర్లలోని చర్చిలో గిటారు వాయిస్తాడు. అక్కడ కలిసి పాడే క్వాయర్‌లోనే పెరిగిన మరో ముగ్గురితో కలిసి బ్యాండు పెట్టుకున్నాడు. వాళ్ల నాన్న మా గనిలోనే బొగ్గు ఎత్తే కోల్ ఫిల్లర్‌గా చేస్తూ, కొన్నేళ్ల క్రితం పైకప్పు కూలి చనిపోయాడు.

"సారూ, మా నాయిన దీపం నంబరు జెర చూసి చెప్తరా? ఆయన మీద ఒక పాట కట్టుకుంటున్న" అన్నాడు.

పాత రిజిస్టరు తీసి చూశాను. మూడు వందల ఎనభై ఎనిమిది. అతను అరచేతి మీద రాసుకున్నాడు. అప్పుడే మొదటి షిఫ్టు ముగిసి గంట కావడంతో నేనూ మల్లయ్యా నంబర్లు చదవడం మొదలుపెట్టాం. కిరణ్ పోలేదు. చివరి దీపం వచ్చేదాకా కిటికీ బయట తల వంచుకుని విన్నాడు. అయ్యాక, దీన్నే పాటలో పెట్టుకోవచ్చా అని అడిగాడు.

అక్కడితో నేను ఊరుకుంటే సరిపోయేది. ఇరవై రెండేళ్ల సర్వీసులో నా పనిని ఎవరూ పాటకు పనికొస్తుందని అనలేదు. ఉబ్బిపోయాను. ఆ గనిలో పోయిన మరో నలుగురి నంబర్లు కూడా, అడగకపోయినా, రిజిస్టరులోంచి చదివి ఇచ్చాను. మేనేజరు అనుమతి లేకుండా రిజిస్టరు వివరాలు బయటివాళ్లకు ఇవ్వకూడదని నాకు తెలుసు. ఆ నంబర్లలో చివరిది నాలుగు వందల పదిహేడు.

పాటను ఖమ్మంలోని ఒక చిన్న స్టూడియోలో రికార్డు చేశారు. మన చెవులకు అలవాటైన పాట కాదది. రెండు గిటార్లు, డ్రమ్ములు అంతే. మొదట్లో గొణుగుతున్నట్టు మొదలై, ఉన్నట్టుండి చెవులు చిల్లులు పడేలా లేచేది. కిరణ్ ఒక్కో నంబరు పిలిస్తే మిగతా ముగ్గురూ 'రాలే' అని అరిచేవారు. చివరి నంబరును మూడుసార్లు పిలిచి, మూడోసారి జవాబు లేకుండా పాట ఆపేసేవారు. మొదట దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. చర్చి పెద్దలు రంకెలన్నారు. మల్లయ్యైతే, "ఇది పాటనా, హాజరు మస్టరా?" అని వెక్కిరించాడు. కానీ క్రిస్మస్‌కు లోకల్ కేబుల్ చానల్‌లో వచ్చాక పరిస్థితి మారింది. కొత్తగూడెం ఆటోల్లో అదే, భద్రాచలం బస్టాండులో అదే, మధిరలో కాలేజీ ఫంక్షన్‌లోనూ అదేనట. బొగ్గు మొహం చూడని పిల్లలు కూడా 'రాలే' అని అరుస్తుంటే నాకు లోలోపల గర్వంగా ఉండేది. దాచుకోవడం ఎందుకు?

ఇక్కడ మా దగ్గరి ఒక ఆనవాయితీ చెప్పాలి. పోయినవాడి నంబరును ఒక ఏడాది ఖాళీగా ఉంచి, తర్వాత కొత్తగా చేరినవాడికి ఇస్తాం. అది ఎవరిదో అతనికి చెప్పం. కొత్త చేరికలు తక్కువ కావడంతో పాటలోని మిగతా నాలుగు నంబర్లూ అప్పటికి ఖాళీగానే ఉన్నాయి; నాలుగు వందల పదిహేడు మాత్రం దావీదు అనే కోల్ ఫిల్లర్ దగ్గర ఉంది. నేను చదివింది పాత రిజిస్టరు. కొత్తది అదే బీరువాలో దాని కిందే ఉంది. తీసి చూడలేదు.

మొదట్లో దావీదు కూడా నవ్వాడు. అతను బిళ్ల ఇవ్వగానే వెనక వరుసలో వాళ్లు 'రాలే' అని కోరస్ అందుకునేవారు. కొన్నాళ్లకు నవ్వడం మానేశాడు. ఆ తర్వాత వరుసలో వాళ్లే అరవడం మానేసి, అతనికి కాస్త ఎడంగా నిలబడసాగారు. అతనితో జోడీగా పనిచేసే మనిషి వేరే జోడీ అడిగి మారిపోయాడు. అరుపుల కంటే అదే అతన్ని ఎక్కువ కుంగదీసింది.

ఒకరోజు పొద్దున అతని భార్య రూతమ్మ ల్యాంప్ రూమ్‌కు వచ్చింది.

"సారూ, ఇంట్ల పిల్లలు గూడ గదే పాడుతున్నరు. వాళ్ల నాయిన నంబరని వాళ్లకేం ఎరుక? ఈయన దిగుతుంటే నా పానం పోతున్నది. మీకు దండం పెడ్త, నంబరు మార్చుండ్రి" అంది.

నంబరు మార్చాలంటే దరఖాస్తు, దాని మీద మేనేజరు సంతకం కావాలి. దావీదు చేత రాయించి పంపాను. 'తగిన కారణం లేదు' అని తిరిగి వచ్చింది. కారణం నేను పక్కన రాసి ఉంటే సంతకం అయ్యేది. కానీ ఆ కారణం రాస్తే, రిజిస్టరు బయటికి చదివినవాడు ఎవరన్న ప్రశ్న వస్తుంది. పోనీ, పాడైన దీపాలకు బదులుగా ఇవ్వడానికి మా దగ్గర వేరే నంబర్లున్న స్పేర్ దీపాలు ఉంటాయి. వాటిలో ఒకటి ఇన్‌చార్జి తన సంతకంతో ఇవ్వొచ్చు. దానికీ రిజిస్టరులో కారణం రాసే గడి ఉంది. రెండూ చేయలేదు. ఇంకో నెలలో పాట మోజు తగ్గుతుందిలే, ఓపిక పట్టు అని దావీదుకు చెప్పాను.

తగ్గలేదు. కిరణ్‌కు విషయం చెబితే ఆ అబ్బాయి మొహం పాలిపోయింది. తర్వాత కొత్తగూడెంలో జరిగిన ప్రోగ్రాంలో చివరి నంబరు తీసేసి నాలుగే పాడాడు. నేను అక్కడే ఉన్నాను. అతను ఆపగానే జనమే 'నాలుగొందల పదిహేడు' అని మూడుసార్లు అరిచారు. కిరణ్ మైకు వదిలేసి వెనక్కి వెళ్లిపోయాడు. అది కూడా పాటలో భాగమే అనుకుని ఈలలు వేశారు.

దావీదు నాగాలు మొదలుపెట్టాడు. వారానికి ఒకటి, తర్వాత మూడు, తర్వాత వరసగా. ఏడాదిలో ఉండాల్సినన్ని మస్టర్లు లేకపోతే ఛార్జిషీటు ఇస్తారు, ఆపైన విచారణ. 2006 మొదట్లో విచారణకు సాక్షిగా నన్ను పిలిచారు. ల్యాంప్ రూమ్ రిజిస్టరు ప్రకారం ఆ రోజుల్లో దీపం తీసుకున్నాడో లేదో చెప్పడమే నా పని.

చిన్న గది. విచారణాధికారి, ఒక గుమాస్తా, బల్లకు అవతల దావీదు. అధికారి తేదీలు ఒక్కొక్కటే చదివాడు. నేను రిజిస్టరులో వేలు పెట్టి చూసి జవాబు చెప్పాను.

"రాలేదు."

తర్వాతి తేదీ.

"రాలేదు."

నాలుగో ఐదో తేదీకి దావీదు తలెత్తి నా వంక చూశాడు. నేనేం చేస్తున్నానో ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది. ఇంకా రెండు పేజీలు మిగిలి ఉన్నాయి. మొత్తం చదివాం. చివర్లో, ఎందుకు రాలేదో చెప్పుకుంటావా అని అధికారి అడిగాడు. పాట సంగతీ నా పేరూ బయటికి వస్తాయని రిజిస్టరు మూసి పట్టుకున్నాను.

"జరమొచ్చింది సార్" అన్నాడు దావీదు.

ఆ మాటే నన్ను ఇప్పటికీ తింటోంది. డిస్మిస్ ఆర్డరు నెల రోజుల్లో వచ్చింది. కుటుంబం క్వార్టరు ఖాళీ చేసి రూతమ్మ పుట్టింటివైపు వెళ్లింది. అతను పత్తి చేలల్లో కూలికి పోతున్నాడని మల్లయ్య చెప్పాడు. గనిలో అతనికి చిన్న దెబ్బ కూడా తగలలేదు. కిరణ్ ఆ పాట మళ్లీ పాడలేదు. పాట మాత్రం ఇంకో రెండేళ్లు ఆటోల్లో తిరిగింది.

పదవీ విరమణ చేసేదాకా నేను ఎవరికి ఏ నంబరు చెప్పాల్సి వచ్చినా ముందు కొత్త రిజిస్టరు తీశాను. ఆ జాగ్రత్త ఎవరైనా నేర్చుకోగలరు. నేను ఆలస్యంగా తెలుసుకున్నది వేరే: తప్పును ఒక్క వాక్యంలో రాసి సంతకం పెట్టగలిగిన రోజునే రాయాలి. రూతమ్మ వచ్చిన పొద్దున స్పేర్ ర్యాకులో పదకొండు దీపాలు ఉన్నాయి. వాటిని ఛార్జింగుకు ఎక్కించింది నేనే.