అమ్మ అడిగిన బటన్

మా చిన్నప్పుడు... పట్టుపురుగుల గది తలుపే మా అమ్మకు కాగితం. మల్బరీ తోటకు పోయే ముందు సుద్దముక్క తీసుకుని, ఆ తలుపు మీద పెద్దమ్మకు నాలుగు మాటలు రాసిపెట్టి పోయేది.

పెద్దమ్మంటే అమ్మకు సొంత అక్క. పురుగులు గూళ్ళు కట్టే రోజుల్లో సాయానికని హిందూపురంలో బస్సెక్కి, సరిహద్దు దాటి, కర్ణాటకలో బాగేపల్లి దగ్గర మా ఊరికి వచ్చేది.

చిక్కేమిటంటే... అమ్మ చదివింది కన్నడ బడి. నోటికి తెలుగు, చేతికి కన్నడ అక్షరాలు. అందుకని తెలుగు మాటల్నే కన్నడ అక్షరాల్లో రాసేది. మా వైపు ఇదేమీ వింత కాదు. పెద్దమ్మేమో చిన్నప్పటి నుంచీ హిందూపురంలో బంధువులింట పెరిగి, అక్కడే తెలుగు బడికి పోయింది.

పాపం, తలుపు ముందు నిలబడి కళ్ళు చికిలించి చూసేది. గ, ర, ద లాంటివి పోల్చుకునేది. క, త, న వస్తే ఆగిపోయేది. తనను పిలిచిన ‘అక్కా’ దగ్గరే బండి ఆగిపోయేది...

“మీయమ్మ ఏమో రాసుండాది, చదువు పాపా” అని నన్ను పిలిచేది. నేను కన్నడ బడిలో రెండో తరగతి. గొంతు సవరించుకుని మరీ చదివేదాన్ని.

“అక్కా, పితికిపప్పు పులుసు ఉట్టి మీద దుత్తలో ఉండాది. సంగటి చేసుకోని తిను. పాపకు బెల్లం ముక్క పెట్టు.”

“బెల్లం యాడ రాసుండాది? చూపీ?”

ఏదో ఒక అక్షరం మీద వేలు పెట్టేదాన్ని. పెద్దమ్మ దాన్ని చూసి, నన్ను చూసి, నవ్వుకుంటూ డబ్బా మూత తీసేది.

ఒకసారి పెద్దమ్మ ఏడ్చి ఏడ్చి ఉబ్బిన కళ్ళతో వచ్చింది. ఏం జరిగిందో పిల్లలమైన మాకెవరూ చెప్పలేదు. ఇంటి నిండా గూళ్ళు ఏరే కూలీలు... అక్కచెల్లెళ్ళు ఒక మాట చెప్పుకునే చోటే లేదు. అమ్మ సుద్దముక్క తీసుకుని తలుపు మీద ‘అక్కా, నువ్వు’ అని రాసింది. రాసి, నావైపు చూసింది. చదివి వినిపించాల్సింది నేనే కదా... కొంగుతో తుడిచేసింది.

అదంతా అప్పటి సంగతి. ఇప్పుడు చింతామణిలో ఇంటి నుంచే కంప్యూటర్ పని చేసుకుంటున్నాను. అమ్మ నా దగ్గరే ఉంటుంది. నాకో చిన్న బ్లాగు ఉంది. పాత కబుర్లు అమ్మ చెప్తుంది, నేను తెలుగులో టైపు చేస్తాను, హిందూపురంలో పెద్దమ్మ తన ఫోన్లో చదువుకుంటుంది.

పెద్దమ్మకు చెవులు బాగా మందగించాయి. ఫోన్లో అమ్మ అరిస్తే మా వీధి మలుపు దాకా వినిపిస్తుంది గానీ ఆమెకు వినపడదు. అక్కడ మనవడు విని, సైగలు చేసి చెప్పాలి. మళ్ళీ మధ్యలో ఒకరు...

“ఇంక నేనే రాస్తా పాపా” అంది అమ్మ ఒకరోజు. సరేనని బ్లాగు వెనకాల పేజీ తెరిచి చూపించాను. అంతా ఇంగ్లీషు, ఎటు చూసినా గళ్ళు.

“ఇదేమే, తాలూకాఫీసు అర్జీ మాదిరి ఉండాది!”

దాంతో అమ్మ కోసం సొంతంగా అలాంటి వెనకాల పేజీ ఒకటి, అదే అడ్మిన్ ప్యానెల్, కట్టడం మొదలుపెట్టాను. రాసుకోవడానికి ఒక పెద్ద పెట్టె. కింద అరచేతంత బటన్లు... ‘రాయి’, ‘చూడు’, ‘పంపు’. మాటలు తెలుగు, అక్షరాలు కన్నడ, అచ్చం మా అమ్మలాగే. ఇక్కడ ఆమె కన్నడ అక్షరాల్లో రాస్తే అక్కడ పెద్దమ్మకు తెలుగు అక్షరాల్లో కనపడాలి. ఇదే పెద్ద గండమనుకున్నాను గానీ, ఆ లిపులు కూడా అక్కచెల్లెళ్ళే కదా... దేని పక్కన ఏది కూర్చోవాలో వాటికే తెలిసినట్టు సర్దుకున్నాయి. నన్ను ఏడిపించింది పాస్‌వర్డే. ఎన్నిసార్లు చెప్పినా అమ్మ మర్చిపోయేది. చివరికి వేలిముద్ర పెట్టేశాను.

అంతా అయ్యాక అమ్మ ఒక్కో బటనూ నొక్కి చూసింది. 

“బాగుండాది. ఇంకొక బటన్ పెట్టియ్యి పాపా. అక్క మాత్రమే చదివేది. వేరే ఎవురూ చదవకూడదు.”

“పెడతాలేమ్మా.”

నా ముఖం చూడకుండా అంది. “నువ్వు గూడా.”

నిజం చెప్తున్నాను, మనసు చివుక్కుమంది. కట్టింది నేను... నన్నే బయట నిలబెడుతుందా అనిపించింది. అప్పుడు ఆ తలుపు గుర్తొచ్చింది. అమ్మ కొంగుకు అంటిన సుద్ద గుర్తొచ్చింది. ఇంకేమీ అడక్కుండా బటన్ పెట్టాను. ఆ పోస్టులకు పెట్టిన పేరు మాత్రమే నాకు కనపడుతుంది, లోపలిది కనపడదు. దొడ్డిదారిన చూడటం నాకు పెద్ద పనేమీ కాదు... చూడను.

మర్నాడు అమ్మ మధ్యాహ్నమంతా ఒక్క వేలితో రాస్తూ కూర్చుంది. సాయంత్రానికి అమ్మకు పెద్దమ్మ ఫోన్. స్పీకర్ పెట్టే పనే లేదు, ఆ గొంతు ఇల్లంతా వినిపించింది.

“చిన్నీ... చదివినా! నేనే చదివినా! ఎవుర్నీ అడగలేదు...”

 బదులు చెప్పినా ఆమెకు వినపడదుగా, అమ్మ ఫోను చెవికి ఆనించుకుని, కళ్ళు తుడుచుకుంటూ చాలాసేపు అట్లాగే కూర్చుంది. నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను.

మా ఊళ్ళో పురుగుల గదికి ఇప్పుడు ఇనుప తలుపు. సుద్దముక్కతో పని లేదు, చదివి వినిపించే పాపతోనూ లేదు... సంతోషమే, కానీ ఆ బెల్లం ముక్క మాత్రం ఇంకెక్కడా దొరకదు.

మీరూ మీ ఇళ్ళలో ఎవరి మాటలు ఎవరికి చదివి పెట్టేవారు? మధ్యలో మీ సొంత బెల్లం ఏం కలిపేవారు? మొహమాటపడకుండా చెప్పండి...

నా ప్యానెల్లో మాత్రం తాళం వేసిన పోస్టులు ఒకదాని కింద ఒకటి చేరుతున్నాయి. అన్నిటికీ అమ్మ పెట్టిన పేరు ఒకటే... ‘అక్కా’.