మూడో పెడల్

మొన్న అరకులో పెట్రోలు బంకు దగ్గర వరసలో ఆగి ఉన్నాం. వెనక కారులోంచి ఒక కుర్రాడు దిగాడు. పొద్దున్నే మంచు చూడటానికి కొండెక్కి వచ్చే బాపతు. మా కారు వెనకాల ఉన్న అక్షరాలు చదువుకుంటూ నా కిటికీ దగ్గరకి వచ్చి, "ఆంటీ, ఇంత పాత కార్లలో కూడా ఆటోమేటిక్ ఉండేదా?" అని అడిగాడు. అడుగుతూనే లోపలికి తొంగి చూసి, నా కాళ్ల దగ్గర మూడు పెడళ్లూ మధ్యలో గేరు కర్రా కనిపించేసరికి ఆగిపోయాడు. వెనకాల రాసినదానికీ లోపల ఉన్నదానికీ పొంతన లేదు మరి. ఒకప్పుడు ఆటోమేటిక్కేననీ, తర్వాత మార్పించామనీ చెప్పాను. లోకమంతా గేర్లు మానేసి ఆటోమేటిక్ కొంటుంటే మీరు వెనక్కి వెళ్లారేమిటని నవ్వాడు. పక్క సీట్లో మా ఆయన అటు తిరిగి బయటికి చూస్తున్నారు. ఈ వయసులో అడిగినవాళ్లందరికీ జవాబు చెప్పుకుంటూ కూర్చునే ఓపిక నాకు లేదు. కానీ ఇంటికి వచ్చి కాళ్లకి నూనె రాసుకుంటూ కూర్చుంటే అదంతా మళ్లీ మొదటినుంచీ గుర్తుకొచ్చింది.

మాది పార్వతీపురం వైపు. ఆశ్రమ పాఠశాలలో తెలుగు టీచరుగా ఉద్యోగం వచ్చి కొండెక్కాను. కొన్నాళ్లు చేసి బదిలీ చేయించుకుని దిగిపోదామనుకున్నదాన్ని, రిటైరయ్యాక కూడా ఇక్కడే ఉన్నాను. దానికి కారణం మా ఆయన. ఆయన కుట్టుమిషన్లు బాగుచేస్తారు. నాతో వచ్చేటప్పుడు ఆయన తెచ్చుకున్నది ఒక చిన్న రేకుపెట్టె, దాన్నిండా స్క్రూడ్రైవర్లు, నూనె డబ్బా, సూదులు. వచ్చిన వారానికే హుకుంపేట సంతలో ఒక గోనెసంచి పరుచుకుని కూర్చున్నారు. అప్పటికి సంతల్లో బట్టలు కుట్టేవాళ్లు చాలామంది ఉండేవారు. గూడేల్లో కుట్టుకునే ఆడవాళ్లు మిషను పాడైతే కింది బల్ల ఇంట్లో వదిలేసి, పైభాగం మాత్రం విప్పి, పాత చీరలో చుట్టి, బుట్టలో పెట్టుకుని నెత్తిన మోసుకొచ్చేవారు. అదంతా ఇనుము. ఈయన రాకపోతే ఆ ఇనుము మళ్లీ కొండెక్కాల్సిందే. అందుకని ఒళ్లు వెచ్చబడినా, వాన దంచినా, మా పెళ్లిరోజైనా సంత తప్పేవారు కాదు. కొత్తలో ఒకసారి ఆ విషయంలో అలిగాను. "బుట్టలు దింపుకుని కూసుంటారే" అని ఒక్క మాట అని బయల్దేరిపోయారు. అలక వల్ల లాభం లేదని తెలిశాక ఆ శ్రమ పెట్టుకోలేదు.

తర్వాత ఆయనకి ఎడమవైపు పక్షవాతం వచ్చింది. చెయ్యి చాలావరకు తిరిగొచ్చింది, కాలు సగమే వచ్చింది. మోటారు సైకిలు మీద కొండలన్నీ తిరిగిన మనిషి వరండాలో కుర్చీకి అంటుకుపోయారు. సంత రోజున పొద్దున్నే లేచి, గడ్డం గీసుకుని, చొక్కా తొడుక్కుని అదే కుర్చీలో కూర్చునేవారు. బడికి వెళ్తూ ఆ చొక్కా చూడలేక తల తిప్పుకునేదాన్ని. అప్పుడు దొరికింది ఈ కారు. విశాఖలో ఎవరో పెద్దాయన వాడి వదిలేసినది. ఎడమకాలితో పని లేదు, గేరు దానంతటదే మారుతుంది. కొండవాళ్లకి అదో వింత, గేరు లేని కారు ఎక్కడం ఎలా ఎక్కుతుందని వంగి వంగి చూసేవారు. మొదటిసారి ఆయన ఒక్కరే సంతకి వెళ్లిన రోజున నేను గేటు పట్టుకుని నిలబడి మలుపు తిరిగేదాకా చూశాను. ఆ కారు ఉంటే ఆయన పనిమంతుడు, లేకపోతే వరండాలో రోగి. మా ఇద్దరికీ ఆ సంగతి బాగా తెలుసు, పైకి అనుకోలేదు. ఆయన్ని ఆసుపత్రికి తీసుకెళ్లే అవసరాల కోసం నేనూ ఆ కారు మీదే కాస్త నేర్చుకున్నాను. కుడికాలితో తొక్కడం, స్టీరింగు తిప్పడం, నా డ్రైవింగు అంతవరకే.

కొన్నేళ్లు బాగానే గడిచాయి. ఒకరోజు విశాఖ నుంచి తిరిగొస్తూ అనంతగిరి ఘాట్ ఎక్కుతుంటే కారు నెమ్మదించింది. ఆయన ఎంత తొక్కినా ఇంజను గొంతు చించుకుంటోందే తప్ప చక్రాలు కదలవు. మాడు వాసన వచ్చింది. పక్కనే కాఫీ తోట ముందు యాత్రికులు ఫోటోలు దిగుతున్నారు. మిరియాల తీగ చూడండి, ఎంత బాగుందో అని ఒకావిడ పిల్లలకి చూపిస్తోంది. ఆయన స్టీరింగు వదలకుండా అలాగే కూర్చున్నారు. నేను దిగి వెనక చక్రాలకి రాళ్లు పెట్టాను.

కారుని వ్యాను మీద ఎక్కించి పార్వతీపురంలో మా తమ్ముడి షెడ్డుకి తీసుకెళ్లాం. వాడు కార్ల మెకానిక్కు. రెండు రోజులు విప్పి చూసి, చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "బావా, నిజం సెప్తన్నాను, ఇది బాగవ్వదు. ఈ మోడలు మానేసి సానా కాలమైంది, సామాన్లు రావు" అన్నాడు. ఉన్న దారి ఒకటేనట. బొబ్బిలిలో గుద్దుకుని తుక్కుకి వెళ్లిన కారు ఒకటుంది, ఇదే మోడలు, కాకపోతే గేర్లది. దాని గేరుబాక్సు తెచ్చి దీనికి పెట్టెయ్యడమే. నేను తమ్ముడి మొహం చూశాను, వాడు నేల చూశాడు. గేర్లంటే క్లచ్, క్లచ్ అంటే ఎడమకాలు. ఆయన మాత్రం తడుముకోకుండా, "కాలు దారికొచ్చేత్తాది. నువ్వు పని మొదలెట్టు" అన్నారు. తమ్ముడు నావైపు చూశాడు. బావ మాట కాదనే ధైర్యం వాడికి లేదు, నాకూ లేదు.

ఆ పని చాలా రోజులు పట్టింది. గేరుబాక్సు ఒక్కటీ మారిస్తే సరిపోదట. క్లచ్ ప్లేటు, దాని తీగ, చక్రాలకి వెళ్లే ఇరుసులు, గేరు కర్ర, ఆఖరికి ఇంజనుకి బుద్ధి చెప్పే కంప్యూటరు డబ్బా కూడా ఆ చచ్చిపోయిన కారులోంచే తెచ్చాడు. ఆటోమేటిక్‌కి ఉండే వెడల్పాటి బ్రేకు పెడల్ తీసేసి పక్కపక్కన రెండు సన్నటివి బిగించాడు. అంతా అయ్యాక తాళం తిప్పితే స్టార్టు కాలేదు. గేరు పార్కింగులో ఉంటేనే స్టార్టవ్వాలని ఆ కారుకి పుట్టుకతో నేర్పారట, ఇప్పుడేమో ఆ గేరే లేదు. ఏవో వైర్లు కలిపి, ఉన్నట్టే నమ్మించాడు తమ్ముడు. కాగితాల్లో ఆ మార్పు రాయించడానికి పడిన తిప్పలు గుర్తు చేసుకుంటే ఇప్పటికీ నీరసం వస్తుంది.

ఇక్కడ మా ఆయన ఏం చేస్తున్నారో చెప్పాలి. మా ఇంట్లో ఒక పాత తొక్కుడు మిషను ఉంది. సాయంత్రం కాఫీ తాగి దాని ముందు కూర్చుని, బెల్టు తీసేసి, ఎడమకాలు ఒక్కటే దాని మీద పెట్టి తొక్కేవారు. మొదట్లో కాలు జారిపోయేది, చేత్తో ఎత్తి మళ్లీ పెట్టుకునేవారు. పోను పోను ఆ చప్పుడు ఒక దారిన పడింది. నేను వంటింట్లో చోడిపిండి కలుపుతూ వినేదాన్ని. టకటకమని ఆగకుండా నడిచేది. ఆ చప్పుడు వింటుంటే నాకు కూడా నమ్మకం కుదిరింది, అబద్ధం ఎందుకు. కుట్టుమిషన్ల మధ్యే బతికిన మనిషికి కాలి బలం కొలుచుకోవడానికి ఇంకో సాధనం తోచలేదు. కానీ ఆ మిషను ఒకసారి కదిలిందంటే సగం తొక్కుడు అదే తొక్కుకుంటుంది, కాలు దానితో పాటు ఊగితే చాలు. క్లచ్ అలా కాదు. దాన్ని అడుగంటా తొక్కాలి, పట్టుకోవాలి, మళ్లీ మెల్లగా, మెల్లగా వదలాలి. ఆ వదలడమే ఆయన కాలికి రాదు.

తమ్ముడు కారు తోలుకొచ్చిన రోజున మా బడి ఆటస్థలంలోకి తీసుకెళ్లాం. ఆయన ఎక్కి కూర్చున్నారు. కారు ఎగిరి ఆగింది. మళ్లీ స్టార్టు చేశారు, మళ్లీ ఎగిరి ఆగింది. బడి పిల్లలు అరుగు మీద కూర్చుని ముందు నవ్వారు, కాసేపటికి వాళ్లే నవ్వడం మానేశారు. ఎన్నిసార్లు ప్రయత్నించారో నేను లెక్కపెట్టలేదు. చొక్కా వీపుకి అతుక్కుపోయింది. చివరికి ఇంజను ఆపేసి, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకున్నారు. తర్వాత తలుపు తీసి, "నువ్వు కూసో" అన్నారు నాతో. ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది. ఆయన మీద జాలితో కొంత, రిటైరై ఇక కాళ్లు చాపుకుందామనుకుంటే నెత్తిన పడిన ఈ కొత్త ఉద్యోగం చూసి కొంత.

నా కాళ్లు ఫర్వాలేదు, క్లచ్ సంగతి తొందరగానే పట్టుకున్నాయి. నా చెయ్యే మాట వినలేదు. గేరు కోసం చెయ్యి పెడితే చూపు కూడా అటే వెళ్లేది, చూపు వెళితే కారు కాలువలోకి వెళ్లేది. తమ్ముడు పక్కన కూర్చుని ఎంత ఓపిగ్గా చెప్పినా లాభం లేకపోయింది, వాడు కొండ దిగి ఊరికి వెళ్లిపోయాడు కూడా. ఒకరోజు సుంకరమెట్ట ఎక్కడం మీద నేను క్లచ్ తొక్కి గేరు కర్ర కోసం తడుముకుంటుంటే, ఎడమ సీట్లో ఉన్న మా ఆయన విసుగ్గా కుడిచెయ్యి చాపి రెండో గేరు వేసేశారు. కారు హాయిగా పైకెక్కింది. తర్వాతి మలుపులో నేను క్లచ్ తొక్కాను, ఆయన వేశారు. ఇంటికి వచ్చేదాకా అలాగే వచ్చాం.

ఆ రోజు నుంచి మా కారుకి కాళ్లు నావి, చెయ్యి ఆయనది. డుంబ్రిగుడ మీదుగా హుకుంపేట వెళ్లే దారిలో ఎక్కడ ఏ గేరు పడాలో ఆయనకి ఇంజను చప్పుడును బట్టే తెలిసిపోతుంది. నేను తొక్కడం కాస్త ఆలస్యమైతే, "ఏటి సూత్తన్నావు, తొక్కు" అనేవారు. ఇంట్లో దెబ్బలాడుకుని బయల్దేరిన రోజులూ ఉన్నాయి. అప్పుడు మాటలుండవు, గేర్లు మాత్రం పడతాయి. సంతలో ఆయన గోనెసంచి మీద కూర్చుంటే నేను కారు నీడలో కుర్చీ వేసుకుని కునికిపాట్లు పడేదాన్ని. నడుము నొప్పి, మోకాళ్ల నొప్పి, దుమ్ము, ఎండ. ఎందుకొచ్చిన బతుకురా అనిపించేది, పైకి అన్నాను కూడా చాలాసార్లు. ఒకసారి పాతకాలం నుంచీ మిషను తెచ్చే ఒక గూడెం ఆవిడ బుట్ట దింపుకుంటూ అడిగింది, "మేస్త్రీబాబూ, ఇప్పుడు బండి అమ్మగారే తోలుతున్నారా?" అని. ఆయన స్క్రూ బిగిస్తూ, తల ఎత్తకుండా, "ఇద్దరం తోల్తన్నాం" అన్నారు. ఆ వారం నేను నడుము నొప్పి గురించి మాట్లాడలేదు.

పోయిన వర్షాకాలంలో ఆయనకి మలేరియా తగిలింది. పాడేరు ఆసుపత్రిలో చేర్చారు, అంబులెన్సులో తీసుకెళ్లారు. మర్నాడు బట్టలూ గంజీ పట్టుకుని నేను కారులో బయల్దేరాను. తోడు ఎవరూ లేరు, బస్సు కోసం ఆగే స్థిమితం లేదు. సాపు దారిలో కర్ర వంక చూసుకుంటూ ఎలాగో గేర్లు వేసుకున్నాను. మొదటి ఎక్కడం రాగానే క్లచ్ తొక్కి అలవాటుగా "ఏవండీ" అనబోయాను. పక్కన ఎవరున్నారు. ఆలోచించేలోపే నా ఎడమచెయ్యి వెళ్లి రెండో గేరు వేసేసింది. చూపు రోడ్డు మీదే ఉంది. తర్వాత మూడోది పడింది, మళ్లీ రెండోది పడింది. ఇన్నేళ్లూ పక్కన ఆయన చెయ్యి ఎప్పుడు కదులుతోందో గమనిస్తూ గమనిస్తూ నా చెయ్యి నాకు చెప్పకుండానే నేర్చేసుకుంది. పాడేరు దాకా వెళ్లాను, వచ్చాను, రోజూ అలాగే తిరిగాను. సంతోషపడాల్సింది, కానీ ఏదో దొంగతనం చేసినట్టు అనిపించింది. నేను ఎలా వచ్చి వెళ్తున్నానో ఆయన అడగలేదు.

ఇంటికి పంపించిన రోజున ఆసుపత్రి మెట్ల ముందు కారు పెట్టాను. ఆయన నెమ్మదిగా దిగి వచ్చి కారునీ నన్నూ ఒకసారి చూశారు. ఇంకెవరూ లేరని కనబడుతూనే ఉంది. ఎడమ సీట్లో కూర్చుని, బెల్టు పెట్టుకుని, కుడిచెయ్యి తీసి గేరు కర్ర మీద పెట్టారు. జ్వరానికి ఆ చెయ్యి ఎండిపోయి ఉంది. ఊరు దాటి మొదటి ఎక్కడం దగ్గర క్లచ్ తొక్కాను. నా ఎడమచెయ్యి అప్పుడే లేచింది. దాన్ని వెనక్కి తెచ్చి స్టీరింగు మీద పెట్టుకున్నాను. కాసేపటికి రెండో గేరు పడింది.

ఇప్పుడు సంతల్లో బుట్టలు తగ్గాయి, అయినా ఇద్దరు ముగ్గురు ఎదురుచూస్తూనే ఉంటారు, మేమూ వెళ్తూనే ఉంటాం. నాకు గేర్లు వేయడం వచ్చని ఆయనకి తెలుసు, ఆయనకి తెలుసని నాకూ తెలుసు, ఆ మాట మా ఇంట్లో ఎవరం ఎత్తం. ఎక్కడం వస్తుంది, క్లచ్ తొక్కుతాను. ఆయన ఆ చప్పుడు వినాలి, చేతికి సత్తువ కూడదీసుకోవాలి, కర్ర జరపాలి. ఈలోగా కారు ఊపు సగం చచ్చిపోతుంది, వెనక లారీ హారను కొడుతుంది, నా మోకాలు సలుపుతుంది. ఏడాదికేడాది ఆ ఆగడం కొంచెం కొంచెం పొడవవుతోంది. అది ఎంత పొడవైనా సరే, ఆ గేరు పడేదాకా క్లచ్ మీంచి కాలు తియ్యను.