ఎడమచేతి పాఠం

మా ట్రెయినింగు స్కూలు డ్రిల్లు టీచరమ్మ గారు పోయిన సోమవారం కన్నుమూశారు. ఆ కబురు తెచ్చిన గుమాస్తా, నేను కుర్చీలోంచి లేవకముందే, "టైంటేబుల్లో ఆమె గంటలు ఎవురికి రాయమంటారమ్మా?" అని అడిగాడు. కోపం వచ్చింది. కానీ ఆ గంటల్లో సగం ఎప్పుడో తీసేసింది హెడ్‌మిస్ట్రెస్‌నైన నేనే.

రాష్ట్రం ఏర్పడిన కొత్తల్లో నేను యూనివర్సిటీ చదువు ముగించి ఇక్కడ చేరేసరికే ఆమె ఉన్నారు. చిన్నబడుల్లో ఆటలు నేర్పబోయే పంతులమ్మలకు ఆమె పాఠం చెప్పేవారు. మొదటిరోజే అందరిచేతా కొంగులు దోపించి, గుడ్డబంతిని ఎడమచేత్తో విసరమనేవారు. బంతి ఎటో పోయేది. నవ్వులు.

"నవ్వినారు గదా. ఒకటో తరగతి బిడ్డకి కుడిచెయ్యి గూడా ఇట్లానే ఉంటాది. వాణ్ణి కసిరే ముందు మీ బంతి యాడ బడిందో తలుచుకోండి."

కొడవలూరు నుంచి వచ్చిన అమ్మాయొకతె, "ఇది పరీక్షలో వస్తాదా టీచరమ్మా?" అంది.

"రాదు తల్లీ. బళ్లోకి పోయినాక దినామూ వస్తాది."

సమావేశాల్లో కూడా చీరపేలికలతో బంతులు కుడుతూ కూర్చునేవారు. తనిఖీకి వచ్చినవాళ్లకు ఆ బంతులు పట్టలేదు. వాళ్లకు కావలసింది వరుసలు. వరుసలు వంకరగా ఉన్నాయని రాసిపోయారు. నేను ఆమెకు వారానికున్న నాలుగు గంటల్లో రెండు కోసి కవాతుకిచ్చాను.

"కాళ్లు ఒక్కసారి పడేది ఎవురైనా నేర్పిస్తారమ్మా. దూకేది, పట్టుకునేది, పడకుండా నిలబడేది ఈ పిల్లలకి ఎవురు చెప్తారు?"

"వచ్చే ఏడు చూద్దాం" అన్నాను. ఆ వచ్చే ఏడూ అదే అన్నాను. తనిఖీవాళ్ల మాట కాదని ఉంటే స్కూలు గుర్తింపు పోయేదా? ఏమో. భయపడ్డానో, నిజంగానే నమ్మానో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

వాకాడులో ఆమె భూస్థాపన ముగించుకుని వస్తూ, దారిలో ఒక బడి దగ్గర ఆగాను. అక్కడి పంతులమ్మ నేను గంటలు కోసిన ఏడు మా దగ్గర చదివిన పిల్ల. వరుసలు గీత గీసినట్టు నిలబెట్టి చూపించింది. బాగున్నాయన్నాను.

బడి వదిలారు. పిల్లలు పక్క కాలువమీద అడ్డంగా వేసిన తాటిదుంగ ఎక్కి అవతలికి పరుగెత్తారు. "దిగండి, పడతారు" అని పంతులమ్మ గట్టునుంచి కేకలేస్తోంది. అందరికన్నా చిన్నపిల్ల దుంగ నడిమధ్యన ఆగిపోయి, ముందుకు పోవాలో వెనక్కి రావాలో తెలియక, రెండు చేతులూ చాచి, కాలి వేళ్లతో దుంగను గట్టిగా పట్టుకుని అలాగే నిలబడింది.