దిగిరాని గొడుగు

డెబ్బైల మొదట్లో నేను హైదరాబాదులో ఒక ప్రభుత్వ కార్యాలయంలో టైపిస్టుని. వారమంతా కార్బను కాగితాలతో కుస్తీ పట్టేదాన్ని. ఆదివారం మాత్రం విమానంలోంచి దూకేదాన్ని. ఈ మాట చెబితే ఇప్పటి పిల్లలు ఒకసారి నా మోకాళ్ల వంక చూసి, మర్యాద కోసం నవ్వాపుకుంటారు.

ఊళ్లో పారాచూట్‌తో దూకటం నేర్పే చిన్న క్లబ్బొకటి ఉండేది. నన్ను అందులో చేర్పించింది మా నాన్నగారు. బదిలీ మీద కాకినాడ నుంచి వచ్చిన గుమస్తా ఆయన. విమానం చప్పుడు వినిపిస్తే చాలు, తింటున్న విస్తరి ముందు నుంచి లేచి వాకిట్లోకి పరిగెత్తేవారు. "నేనెలాగూ ఎక్కలేను, నువ్వయినా ఎక్కవే" అని సంతకం పెట్టేశారు. అమ్మతో మాత్రం, "విమానం నడపటం నేర్పుతార్ట" అన్నారు. అమ్మ కాసేపు ఆలోచించి, "నడపటమైతే ఫర్వాలేదు, లోపలే కూర్చుంటుందిగా" అంది. నాన్నగారు తల ఊపారు. నేను ఊపలేదు, కాదని కూడా అనలేదు.

విమానం ఊళ్లో ఎక్కేవాళ్లం, దిగే మైదానం మాత్రం కొత్తగూడ అవతల ఉండేది. ఇప్పుడక్కడ అద్దాల మేడల మధ్య కారు ఆపుకోవటానికి చోటు వెతుక్కోవాలి. అప్పుడు చోటుకేం కరువు లేదు, బండల్ని తప్పించుకోవటమే పని. ఎక్కడ చూసినా ఏనుగుల్లా పడుకున్న నల్లరాళ్లు, మధ్యలో సీతాఫలం పొదలు, మేకలు.

మాకు నేర్పేవాడు సైన్యంలో పనిచేసి వచ్చిన పెద్దాయన. అందరం ఆయన్ని ఉస్తాద్ అనేవాళ్లం. చేతిలో ఎప్పుడూ ఒక రేకు గొట్టం ఉండేది. పైనున్నవాళ్లకి దాంట్లోంచి అరిచి చెప్పేవాడు, కిందున్నవాళ్లకి కూడా దాంట్లోంచే అరిచేవాడు. క్లబ్బులో నాకు బాగా చనువైన మనిషి ఇంకొకాయన. ఒక బడిలో డ్రిల్లు మాస్టరు, హఫీజ్‌పేట వైపు మనిషి. ఆరడుగుల పైన ఎత్తు, దానికి తగ్గ వెడల్పు. అందుకని నేను ఆయన్ని పెద్దన్నా అనేదాన్ని. ఆయన నన్ను చెల్లే అనేవాడు.

కథంతా పెద్దన్న బరువుతో మొదలైంది. మా మామూలు పారాచూట్లు ఆయన్ని మోసేవి కానీ, మనసు పెట్టి మోసేవి కావు. అందరం దిగేవాళ్లం, ఆయన పడేవాడు. సోమవారం బళ్లో పిల్లలచేత కవాతు చేయిస్తూ తను మాత్రం కుంటేవాడు. మడమ బెణికింది, నడుం పట్టింది, ఒకసారి నాలుక కూడా కరుచుకున్నాడు. మానెయ్యమంటే వినడు. చివరికి ఉస్తాద్ ఎక్కడో పాత సైనిక సామాన్ల వేలంలోంచి ఒక పారాచూట్ పట్టుకొచ్చాడు. అది మనుషులకి చేసింది కాదు, పెద్ద పెద్ద పెట్టెల్ని కిందికి దించటానికి చేసింది.

దాన్ని మొదటిసారి పరిచిన రోజు అందరం నోళ్లు తెరుచుకుని నిలబడ్డాం. మామూలు పారాచూట్ గొడుగు కింద పదిమంది నిలబడొచ్చు. దీని కింద పెళ్లి భోజనాల బంతి వెయ్యొచ్చు. మడతపెట్టటానికి మా రేకుల షెడ్డు చాలక, సగం తలుపులోంచి బయటికొచ్చి మట్టిలో పడింది. మేకలు దాని మీదెక్కి నిలబడ్డాయి. ఒకపక్క మేం మడుస్తుంటే ఇంకోపక్క విచ్చుకునేది. మధ్యాహ్నానికి అందరం దాని మీదే పడుకుని నిద్రపోయాం.

పెద్దన్న దాంతో దూకిన రోజు నాకింకా కళ్లకు కట్టినట్టుంది. తెరుచుకోగానే మైదానం మీద నీడ పడింది. ఆయన దాని కింద కూర్చున్నట్టుగా, ఊరేగింపులో పెళ్లికొడుకులా, నింపాదిగా దిగాడు. రెండు కాళ్ల మీద నిలబడి, నడుం మీద చేతులు పెట్టుకుని, "ఏం తాకలే ఉస్తాద్! పరుపు మీద కూసున్నట్టుంది!" అన్నాడు. ఆ తర్వాత కాళ్ల వంక చూసుకుని ఏడ్చేశాడు. అంత పెద్ద మనిషి అలా ఏడుస్తుంటే మాకేం చెయ్యాలో తోచలేదు.

ఇంక అందరికీ ఆ గొడుగే కావాలి. బరువైనవాళ్లు వరసగా ఒక్కొక్కరూ దూకారు. దిగినవాడు దిగినట్టే పరుపన్నాడు, వెన్నన్నాడు. నాకు మనసాగలేదు. అప్పట్లో నేను నలభై కిలోలు కూడా లేను.

"నీకెందుకు బిడ్డా?" అన్నాడు ఉస్తాద్. "నువ్వు మామూలు దాంతోనే ఆకు లెక్క దిగుతున్నవ్."

"ఒక్కసారండీ."

"గాలుంటే నిన్ను బీదరు దాక తీస్కపోతది."

"గాలి లేని రోజు చూసి పంపండి."

వారం వారం ఇదే గొడవ. చివరికి ఒక ఆదివారం పొద్దున ఆకు కదలటం లేదు. ఉస్తాద్ ఆకాశాన్నీ నన్నూ మార్చి మార్చి చూసి, "పో, నీ ముచ్చట తీర్చుకో" అన్నాడు. కానీ ఆ రోజు విమానం మొరాయించింది. అది దగ్గి, తుమ్మి, బయల్దేరేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. అప్పటికి కింద బండలన్నీ పెనాల్లా కాలుతున్నాయన్న సంగతి మాలో ఎవరికీ తట్టలేదు.

మా పారాచూట్‌కి కట్టిన తాడు రెండో కొస విమానానికి ఉండేది. మనం దూకితే ఆ తాడే సంచిని లాగి విప్పుతుంది. మామూలు గొడుగైతే చటుక్కున పట్టుకుంటుంది. ఇది మాత్రం నిద్రలేచి, ఒళ్లు విరుచుకుని, అటూ ఇటూ చూసి అప్పుడు తెరుచుకుంది. ఈలోపు నాకు తెలిసిన దేవుళ్లనందరినీ తలుచుకుని, తెలియనివాళ్ల కోసం వెతుకుతున్నాను. తెరుచుకున్నాక తల ఎత్తి చూస్తే ఆకాశం కనపడలేదు. మొత్తం గుడ్డే.

ఎంత హాయిగా ఉందో చెప్పలేను. పైన విమానం చప్పుడు పోయాక కింద చప్పుళ్లు ఒక్కొక్కటే పైకొచ్చాయి. ఎవరో కట్టెలు కొడుతున్నారు. కుక్క మొరుగుతోంది. ఏదో ఇంట్లో రేడియో పాడుతోంది. చాలాసేపటికి కాళ్ల కింద ఉస్తాద్ ముఖం కనపడేంత దిగాను. కాళ్లు దగ్గరగా పెట్టుకుని దిగటానికి సిద్ధమయ్యాను. సరిగ్గా అప్పుడు ఆ గొడుగు నల్లటి బండల మీదికి జరిగింది. వేడిగాలి కిందనుంచి గుప్పున తన్నింది. ఉస్తాద్ ముఖం మళ్లీ చిన్నదైపోవటం మొదలెట్టింది.

"దిగు బిడ్డా!" అని రేకు గొట్టం అరిచింది.

"దిగటం లేదండీ!"

"ఎందుకు దిగుతలేవ్?"

"నన్నడుగుతారేంటండీ!"

ఒక గద్ద నా ఎత్తులోనే చుట్టూ తిరుగుతూ నన్ను పరీక్షగా చూసింది. దానికి రెక్కలాడించే అవసరం లేదు, నాకు దిగే దారి లేదు. అంతలో దక్షిణం నుంచి గాలి లేచింది. మైదానం, షెడ్డు, ఉస్తాద్ నెమ్మదిగా వెనక్కి వెళ్లిపోయారు. నేను హఫీజ్‌పేట దారి పట్టాను.

పెద్దన్న స్కూటరు ఎక్కాడు. పొదల మధ్య బండిదారిలో దుమ్ము లేపుకుంటూ నా నీడ వెంట పరిగెత్తించాడు. నేను ఒకసారి తాటిచెట్లంత ఎత్తుకి దిగి, మళ్లీ రెండింతలు లేచి, మళ్లీ దిగుతున్నాను. దిగినప్పుడల్లా మా మాటలు నడిచాయి.

"చెల్లే! ఎడమ దిక్కు తాళ్లు గుంజు!"

"గుంజుతున్నా అన్నా! రావటం లేదు!"

"జర గట్టిగ గుంజు!"

"చేతులు పడిపోతున్నాయి!"

"అయితే ఊకో, పరేషాన్ గాకు! నేనొస్తున్న!"

"ఎక్కడికొస్తావన్నా?"

ఆయన ముందుకి వంగి కూర్చున్నాడు. స్కూటరు ఇంకా వేగంగా పోనిచ్చాడు.

దారిలో గడ్డి కోస్తున్న ఆడవాళ్లు కొడవళ్లు పట్టుకుని లేచి నిలబడ్డారు. అందులో ఒక ముసలావిడ కళ్లకి చెయ్యడ్డం పెట్టుకుని చూసి, భయం లేదు, ఆశ్చర్యం లేదు, నోరారా పలకరించింది.

"ఎవరి బిడ్డవే? అన్నం తిన్నవా?"

"ఇంకా లేదు పెద్దమ్మా!"

"గందుకే గట్లున్నవ్!"

అందరూ పగలబడి నవ్వారు. నాకూ నవ్వాగలేదు. నవ్వుతుంటే పైనున్న గుడ్డంతా నాతోపాటు ఊగింది. నిజం చెప్పాలంటే అప్పటికి నా భయం పోయింది. ఆకలేస్తోంది, చేతులు లాగుతున్నాయి, అయినా దిగాలని లేదు. రేపు పొద్దున్నే టైపు మిషను ముందు కుర్చీ లాక్కుని కూర్చోవాల్సిన మనిషిని నేనేనా అనిపించింది.

ఆ హాయి రైలు పట్టాలు కనపడేదాకే. పట్టాల కంటే ముందు, వాటి పక్కనే వరసగా సాగిన తంతి తీగలు కనపడ్డాయి. గాలి నన్ను తిన్నగా వాటి మీదికే తీసుకుపోతోంది. ఈసారి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. ఒకపక్క తాళ్లు రెండు చేతులా పట్టుకుని, కాళ్లు కూడా పైకెత్తి, బావిలో చేంతాడుకి వేలాడినట్టు నా ఒంటి బరువంతా వాటి మీద వేశాను. మరో గుప్పెడు పైకి పాకాను. ఇంకో గుప్పెడు. గొడుగు అంచు వంగింది, లోపలి గాలి ఒలికింది. జర్రున జారి, తీగలకి ఇవతల దున్నిన చేలో కూర్చున్నాను. పెద్దన్న చెప్పింది నిజమే. పరుపే.

కానీ గొడుగు పని అయిపోలేదు. నేలమీద దానికి మళ్లీ గాలి దొరికింది. ఓడ తెరచాపలా పొంగి నన్ను మట్టిగడ్డల మీదుగా ఈడ్చుకుపోయింది. అదృష్టం కొద్దీ సిగ్నలు దగ్గర ఒక పాసింజరు రైలు ఆగి ఉంది. అప్పటికే సగం రైలు కిటికీల్లో ఉంది, మిగతా సగం కిందికి దిగింది. పంచెలు ఎగ్గట్టుకుని వచ్చి ఆ గుడ్డ మీద పడ్డారు. ఒకాయన గొడుగు లోపలికి దూరి, దారి తెలియక అక్కడి నుంచి కేకలేశాడు. ఆయన్ని బయటికి లాగటానికి ఇంకో నలుగురు దూరారు.

నేను మట్టి దులుపుకుని లేచేసరికి ఎదురుగా మా పక్కవాటా పిన్నిగారు. వికారాబాదులో చుట్టాలింటికి వెళ్లి తిరిగొస్తోందిట.

"నువ్వటే!" అందావిడ. "నువ్వు విమానం నడుపుతున్నావని మీ అమ్మ చెప్పిందే. విమానమేదీ?"

"వెళ్లిపోయిందండీ."

"నిన్ను దింపేసా?"

ఏం చెప్పాలో ఆలోచించేలోపు గార్డు ఈల వేశాడు. జనం పరుగున రైలెక్కారు. పిన్నిగారు కిటికీలోంచి నన్నే చూస్తూ వెళ్లిపోయింది. నాకంటే ముందు ఇల్లు చేరేది ఆవిడేనని అప్పుడే అర్థమైంది.

పెద్దన్న దుమ్ము కొట్టుకుపోయి వచ్చాడు. "దెబ్బ తాకిందా?" అన్నాడు. లేదన్నాను. నా చేతులు తిప్పి చూశాడు. అరచేతుల తోలు లేచిపోయి ఉంది. జేబురుమాలు తీసి రెండుగా చింపి కట్టాడు. ఆ తర్వాత మేమిద్దరం ఆ గుడ్డని దొరికినట్టు చుట్టి స్కూటరు మీదికెక్కించి, దాని మీద నేనెక్కాను. దారిలో ఎదురైన వాళ్లెవరికీ మేం ఏమిటో అర్థం కాలేదు.

ఉస్తాద్ బండ మీద కూర్చుని ఉన్నాడు. గొట్టం పక్కన పడేసి ఉంది. నన్ను చూసి లేచి, మామూలు గొంతుతో, "నాదే తప్పు" అన్నాడు. నేను చూస్తుండగా ఆయన గొట్టం లేకుండా మాట్లాడటం అదే మొదటిసారి. తర్వాత నన్ను ఊళ్లోకి తీసుకెళ్లి, కట్టెలు తూచే కాటా మీద నిలబెట్టాడు. పక్కనున్న మోపు నాకంటే బరువు తూగింది. "ఇగ ఇసుక సంచి కట్టుకోకుండ ఆ పెద్దదాంతోని దుంకొద్దు" అని ఆజ్ఞ వేశాడు.

ఇంటికెళ్లేసరికి అమ్మ గడప దగ్గరే ఉంది. నాన్నగారు పేపరు ముఖానికి అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. పేపరు తలకిందులుగా ఉంది.

"నడపటమన్నారు" అంది అమ్మ ఆయనతో.

"అదీ నేర్పుతారేమో, ముందు ముందు" అన్నారు పేపరు వెనక నుంచి.

అమ్మ నా చేతులకి వెన్న రాసింది. అన్నం కలిపి తనే పెట్టింది. సగం తిన్నాక, "భయమేసిందా?" అని అడిగింది.

"తీగల దగ్గర వేసింది."

"మరి అంతకుముందు?"

"అంతకుముందు బాగుందమ్మా."

అమ్మ ఇంకో ముద్ద కలిపి నోట్లో పెట్టి, "వచ్చే ఆదివారం నేనూ వస్తాను" అంది. నాన్నగారి పేపరు కిందికి దిగింది.

వచ్చింది. నాకు దూకటం కుదరలేదు, చేతులింకా మానలేదు. అమ్మ కాసేపు పరిచి ఉన్న పెద్ద గొడుగు చుట్టూ తిరిగి, అతుకులన్నీ లాగి చూసి, "కుట్టు గట్టిదే" అని తనకి తనే చెప్పుకుంది. ఉస్తాద్ గొట్టంలోంచి "నమస్తే అమ్మా!" అంటే ఉలిక్కిపడి పక్కనున్న నల్లరాయి మీదికెక్కేసింది. మేం అక్కడే కూర్చుని పులిహోర డబ్బా విప్పాం. విమానం పైన గుండ్రంగా తిరిగింది. పెద్దన్న దూకాడు. ఒక్క క్షణం నల్లచుక్క, ఆ తర్వాత ఆకాశంలో అంత మేర గొడుగు తెల్లగా విచ్చుకుంది.

"అది ఆ డ్రిల్లు మాస్టరేనా?" అంది అమ్మ.

"అవునమ్మా."

అమ్మ నోటి దాకా వెళ్లిన ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఆయన నేల మీద నిలబడేదాకా అమ్మ తల దించలేదు.