సమ్మె రద్దు, నా సద్ది

తిరుపతికి నా తిరుగు ప్రయాణం ఉన్న రోజు నుంచే రైల్వే కార్మికుల సమ్మె అన్నారు. చిక్కడపల్లిలో నాకు ఆతిథ్యమిచ్చిన మిత్రుడు నర్సింగరావు భార్య సరిత, "రైళ్లు నడిచేదాంక ఈడనే ఉండుండ్రి అన్నా" అంది. ఆ మాట నాకు బాగా నచ్చింది. ఆ సాయంత్రం ఆమె చేసిన సర్వపిండి తింటూ, కార్మికులు కనీసం వారమైనా వెనక్కి తగ్గకూడదని గట్టిగా వాదించాను.

మర్నాడు పొద్దున పేపరు చూసి నర్సింగరావు, "సమ్మె రద్దయిందట" అన్నాడు.

"పాపం, కార్మికులు" అన్నాను.

నేను స్నానం చేసి వచ్చేసరికి నా సంచి గుమ్మం దగ్గరుంది. సరిత చేతిలో వేడివేడి పొట్లం.

"సద్ది కట్టిన అన్నా. రైల్ల తినుండ్రి."

"రైలు సాయంత్రం కదమ్మా?"

"నారాయణగూడ కాడ ట్రాఫిక్ ఉంటది. జర ముందే పోతే పరేషాన్ ఉండది."

వెళ్లమని ఎవరూ అనలేదు. ఆటో మాత్రం వచ్చేసింది.

పావుగంటలో కాచిగూడ స్టేషన్ చేరి, బెంచీ మీద పొట్లం విప్పాను. లోపల నిన్నటి సర్వపిండే. వేడి చేసిచ్చింది, ఇంకా చల్లారలేదు.

"సమ్మె పోయింది, పబ్లిక్ అంత ఖుషీగున్నరు" అన్నాడు పక్కనున్న పెద్దాయన.

చిక్కడపల్లిలో ఒక ఇంట్లో మరీ ఖుషీగా ఉన్నారని చెప్పాను.