అమ్ముడుపోని మొక్కల పూత

మా చిన్నప్పుడు... కార్తీకం దాటగానే మా ఊరు కడియం మీద మంచు దిగేది. చలికి వేళ్లు కొంకర్లు పోయేవి. అయినా తెల్లారేసరికి అమ్మ, అక్క నర్సరీలో ఉండేవారు... మట్టి, ఎరువు కలిపి నల్ల కవర్లలో నింపడం వాళ్ల పని. బడి లేనప్పుడు నేనూ వెళ్లేవాణ్ణి.

తుమ్ములు అప్పుడూ ఉండేవి. కుప్పనూర్పులప్పుడు నూగు ఎగిరి అందరికీ ముక్కులు కారేవి... అమ్మ వాము వేయించి, పాత గుడ్డలో మూట కట్టి వాసన చూపించేది. నూర్పులతోపాటే తుమ్ములూ పోయేవి. ఆయాసం అనే మాట మా ఇంట్లో వినలేదు.

ఇప్పుడు చలి పేరుకే వస్తోంది. కార్తీకంలోనూ ఎండ వదలడం లేదు. రాకూడని నెలలో వాన... చెట్ల పూతకీ ఒక కాలమంటూ లేకుండా పోయింది.

అక్క మొన్నటిదాకా అదే నర్సరీలో చేసింది. అక్కడ కోనోకార్పస్ మొక్కలు వేలల్లో పెంచారు. ఎంత ఎండకైనా పచ్చగా ఉంటుందని రోడ్ల పక్కన నాటడానికి లారీలకి లారీలు ఎత్తారు... ఆ ఎక్కింపులకి నేనూ వెళ్లేవాణ్ణి. ఆ పుప్పొడి పడక జనం ఆయాసపడుతున్నారని తెలిశాక కొనేవాళ్లు తగ్గారు. మిగిలిన వరసని ఓనరుగారు పీకించలేదు... బేరం రాని మొక్కని పీకేస్తే వచ్చే బేరం కూడా పోతుందని ఆయన పట్టింపు.

అవి కవర్లు చీల్చుకుని నేలలోకి వేళ్లు దింపాయి. మనిషిని మించి ఎదిగాయి. ఒక పూత రాలకముందే మళ్లీ పూత...

ఆ పొడి అక్క జాకెట్టు మీద, అన్నం క్యారేజీ మూత మీద, తాగే నీళ్లలో. కళ్లలో పుసి... కొంగు నిండా చీమిడి. పడుకుంటే పిల్లికూతలు. గోడకి ఆనుకుని కూర్చునే నిద్రపోయేది. ఆ చెట్లకి దూరంగా ఉండమన్నాడు డాక్టరు. ఊహ తెలిసినప్పటి నుంచి ఆమెకి వచ్చింది ఆ నర్సరీ పనొక్కటే.

మాఘంలో ఒకరోజు ఆమెతో నేనూ వెళ్లాను.

"ఆ వరస కొట్టించెయ్యండి బాబుగారూ... ఊపిరాడట్లేదండి," అంది అక్క ఓనరుగారితో.

"ఏంటి లక్ష్మీ, అప్పగింతల్లో పెళ్లికూతురిలా ఆ ముక్కు చీదడం? గుడ్డ కట్టుకో. పై ఊరి నుంచి ఒక పార్టీ ఆ మొక్కలే అడుగుతున్నాడు, ఆగు."

"ఆ ఊళ్లో వాళ్లకి ముక్కులుండవేంటండి?"

కవర్లు నింపుతున్న ఆడవాళ్లు నవ్వారు. ఆయనా నవ్వాడు.

తర్వాతి వారం ఆ చెట్ల కొమ్మలే కోయించి, ముక్కలు చేసి, కొత్త మొక్కలు పెట్టించాడు. వాటికి కవర్లు నింపమని అక్కకే చెప్పాడు. ఆమె నింపింది... తుమ్ముతూ, ఆ మట్టిచేత్తోనే ముక్కు తుడుచుకుంటూ. ఆ వ్యాపారం మీద రోత పుట్టింది. ఆ మొక్కల లారీ ఎక్కింపులకి ఇన్నాళ్లు భుజం పట్టిన నా మీద కూడా.

మీ వైపు ఇప్పుడు ఏ చెట్టు ఏ నెలలో పూస్తోంది... మీ ఇంట్లో ఎవరికి ఊపిరాడడం లేదు... రాయండి, చదువుతాను.

అక్క పని మానేసింది. మొన్న శుక్రవారం పొద్దున్న బస్సుకి మొగల్తూరులో మా పిన్ని దగ్గరికి వెళ్లిపోయింది.