అమలమ్మ పాటలో ఆగిన చోట్లు

కంకిపాడు దగ్గర ఆ పేటలో అమలమ్మ పాట ఎత్తందే ఊడ్పులు మొదలయ్యేవి కావు. ఆమె ఒక చరణం ఎత్తుతుంది. వరసలోని ఆడవాళ్లు వంత పాడతారు. ఆ తర్వాత అందరూ నారు నాటుతూ వెనక్కి జరిగిందాకా ఆమె నోరు విప్పదు. నీళ్లలో చేతుల చప్పుడే వినిపిస్తుంది. ఆ ఆగడం కూడా పాటే.

మొన్న వేసవిలో ఆ గొంతులో లేచిన గడ్డ క్యాన్సరని తేలింది. స్వరపేటిక తీసేస్తేనే బతుకుతుందన్నారు డాక్టర్లు.

"తీస్తే తియ్యనీ. ముందు నా పాటలు దేంట్లోకన్నా ఎక్కించవే" అంది కూతురు డయానాతో.

డయానా వెళ్లి రైతు సాంస్కృతిక సంఘం వాళ్ల కాళ్లావేళ్లా పడింది. అధ్యక్షుడు వెంకటకృష్ణారావు గారి చేలోనే అమలమ్మ నడుము వంగిపోయింది. ఆయన దయతలిచారు. సంఘం వార్షికోత్సవంలో తన ప్రసంగం అయ్యాక పాడుకోమన్నారు, సభతోపాటు అదీ రికార్డవుతుందన్నారు. వంతకు పేట ఆడవాళ్లను మాత్రం రానివ్వలేదు. వేదిక మీద పెద్దల కుర్చీలకే చోటు చాలలేదట.

అమలమ్మ ఒక్కతే నిలబడి, చేలో పాడినట్టే పాడింది. చరణం ఎత్తి, రాని వంత కోసం ఆగింది. లేని నారు నాటిందాకా ఆగింది. మళ్లీ ఎత్తింది.

"మర్చిపోయిందిరా ముసల్ది" అని ముందు వరసలో నవ్వారు.

మర్నాడు గవర్నర్‌పేట స్టూడియోలో ఆ రికార్డింగును పాటలుగా విడగొట్టే పని. సంఘం కార్యదర్శి పవన్‌కుమార్ కుర్చీలో కూర్చున్నాడు. డయానా గుమ్మం దగ్గర నిలబడింది.

"రెండు సాఫ్ట్‌వేర్లున్నాయి సార్" అన్నాడు ఆపరేటర్ చక్రి. "ఒకదాంట్లో నేనే విని చేత్తో కొయ్యాలి, రేపటిదాకా పడుద్ది. రెండోది నిశ్శబ్దం రాగానే దానంతటదే కోసేసుద్ది. టీ తాగొచ్చేలోపు అయిపోద్ది."

"ఆ టీదే కానియ్."

"సార్, అమ్మ పాట మధ్యలో ఆగుద్దండీ..." అంది డయానా.

"మీ అమ్మేమన్నా కచేరీలు చేసే విద్వాంసురాలా అమ్మాయ్, కూర్చుని ఏరుకోటానికి?"

చక్రి తలెత్తలేదు. "అరనిమిషం లోపు ముక్కలు ఉంచమంటారా సార్?"

"దగ్గులూ గరగరలూ మనకెందుకయ్యా? చెత్తంతా తీసెయ్."

టీ తాగొచ్చి పవన్‌కుమార్ మొదటి ట్రాక్ పెట్టించాడు. అధ్యక్షుల వారి ప్రసంగం ఎక్కడా తెగకుండా వచ్చింది. ఆయన ఆగినప్పుడల్లా చప్పట్లున్నాయి మరి. అదొక్కటే విని, అసలు రికార్డింగున్న మెమరీ కార్డు తుడిచెయ్యమన్నాడు. ఎల్లుండి అధ్యక్షుల వారి పుట్టినరోజు రికార్డు చెయ్యటానికి ఆ కార్డే కావాలి.

"అసలుదన్నా ఉంచండి సార్" అంది డయానా.

"పెన్‌డ్రైవ్‌లో ఎక్కిందిగా! ఇంకా అసలేంటి, నకలేంటి?"

ఆపరేషనై, మెడలో రంధ్రంతో ఇంటికొచ్చిన అమలమ్మ ముందు డయానా ఆ పెన్‌డ్రైవ్ పెట్టి వినిపించింది. "అమలమ్మ గొంతు మన డెల్టా సొత్తు, దాన్ని కాపాడే పూచీ మాది" అన్నారు వెంకటకృష్ణారావు గారు. చప్పట్లు. తర్వాత వందన సమర్పణ. అంతే. వంత లేని ఆమె చరణాల్లో ఒక్కటీ అరనిమిషం దాటలేదు.

డయానా పరుగెత్తుకెళ్లి అడిగితే పవన్‌కుమార్ ఫోనులోంచి తలెత్తలేదు. "ముక్కలు ముక్కలుగా పాడితే మమ్మల్నేం చెయ్యమంటావ్? ఇంకోసారి పాడమను, తీద్దాం" అన్నాడు.

ఊడ్పులొచ్చాయి. అమలమ్మను గట్టు మీద కూర్చోబెట్టి ఆడవాళ్లు పాట లేకుండానే చేలోకి దిగారు. వరస నాటి, వెనక్కి జరిగి, అలవాటు కొద్దీ అందరూ ఒక్కసారే నడుములెత్తి ఆగారు. అమలమ్మ నోరు తెరిచింది. మెడ రంధ్రంలోంచి గాలి బుస్సుమంది.

"ఏంటే ఆగారు?" అని అరిచాడు మేస్త్రి. "వంగండి, వంగండి!"